నోబిడ్

ఆకు చూడగానే చెప్పేస్తా నేను.
వేళ్ళతో తడిమితే ఇంకా నయం.
నిమ్మపండు రంగుదీ, నారింజలోకి దిగినదీ,
ఈనె దగ్గర పచ్చి ఆరనిదీ,
మచ్చ పడినదీ.
టంగుటూరు కంపెనీలో పందొమ్మిదేళ్ళు
ఒక కుప్ప ఆకు ఇంకో కుప్పలో పడనివ్వలేదు.
మేస్త్రి సుబ్బరామయ్య నన్ను 'కన్ను' అంటాడు.
అదీ ఒక పేరే.

పేర్లంటే నాకు కొదవ లేదు.
రేషన్ కార్డులో కోటమ్మని.
గుండ్లకమ్మ నీళ్ళలోంచి లేచినప్పుడు
పాస్టరుగారు పెట్టింది కెజియా.
బళ్ళో అయ్యవారికి ఆ రెండూ అక్కర్లేదు,
"పల్లె పిల్లా, అటు జరుగు" అంటే సరిపోయేది.
పెళ్ళయ్యాక మూడేళ్ళు గొడ్రాలిని,
తర్వాత ఇద్దరూ ఆడపిల్లలేనా అనిపించుకున్నదాన్ని,
ఆయన పోయాక
పొద్దున్నే ఎదురు రాకూడనిదాన్ని.
చీటీ మీద చీటీ,
వేలానికి వెళ్ళే చెక్కుకి మల్లే.

పొగాకు వేలం మీరు చూశారో లేదో.
చెక్కులు వరసగా పెడతారు.
కొనేవాళ్ళు నడుచుకుంటూ వస్తారు,
గోనె తొలగించి, ఆకు దూసి, వాసన చూసి
ఒక్కరూ నోరు మెదపకపోతే
చీటీ మీద ఒకటే మాట: నోబిడ్.
రైతు దాన్ని మళ్ళీ ట్రాక్టరెక్కించుకుని
జరుగుమల్లి దారి పట్టేటప్పుడు
ఎవరి మొహమూ చూడడు.

ఆ మాట తెచ్చి రత్నకుమారికి అంటించింది నేనే.

పోయిన మాఘంలో చేరింది మా వరసలోకి.
ఒంగోలు జైల్లో నాలుగు నెలలుండి వచ్చిందని
ఆమెకంటే ముందే కబురొచ్చింది.
నేను క్యారేజీ బుట్ట ఇటు జరుపుకున్నాను.
"నోబిడ్ వచ్చింది,
డబ్బులు కొంగున ముడేసుకోండే" అన్నాను.
షెడ్డంతా నవ్వింది,
పొగాకు దుమ్ములో దగ్గుతూ నవ్వింది.
ఆ తర్వాత ఎవరికీ ఆమె పేరుతో పని పడలేదు.
ఆ ఆదివారం గుడిలో
నా పిల్లల కోసం చాలాసేపు ప్రార్థించాను కూడా.

ఒకరోజు మధ్యాహ్నం మబ్బు పట్టి, కరెంటు పోయింది.
చీకట్లో ఆకు రంగు తెలీదు.
చేతులు ఖాళీ.
నేనేమీ అడగలేదు. తనే అంది:

"గొలుసు నేనే తీశా అక్కా.
అమ్మేశా. సగం ఖర్చు కూడా పెట్టా.
ఆ పని నాదే.
ఆ పేరు నాది కాదు."

కాసేపుండి మళ్ళీ:
"లోపల నంబరుతో పిలిచేవాళ్ళు.
మర్చిపోతానేమోనని రాత్రిళ్ళు
నా పేరు నేనే పలుక్కునేదాన్ని.
ఒక రాత్రి నేను పలక్కముందే
ఎవరో పలికారు.
వార్డరమ్మ గొంతు కాదది."

సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యాలన్నీ
నా నాలుక చివరే ఉన్నాయి.
ఒక్కటీ బయటికి రాలేదు.
సిగ్గు అడ్డం పడింది.

ఆ నీళ్ళలో మునిగిన రోజు
నా చీటీలన్నీ నాని ఊడిపోయాయనుకున్నా.
ఊడినవాటిని ఏరి, ఆరబెట్టి, దాచి
ఇంకొకరికి అంటించమని
ఎవరు చెప్పారు నాకు?

మచ్చ పడిన ఆకుని నేను
చూడకుండానే చివరి కుప్పలో విసురుతా.
మరి ఆయన చేతులకీ మచ్చలున్నాయి,
మేకులు దిగినవి.
ఎవరూ పాట పాడని నన్ను ఎత్తుకున్న చేతులు.
కెజియా, ఓ కన్నూ,
ఏ కుప్పలో వేస్తావే వాటిని?

కరెంటొచ్చింది.
బల్బు కింద అందరి మొహాలూ ఒకటే రంగు,
పొగాకు రంగు.
"రత్నకుమారీ, ఆ పురికొస ఇటందుకో" అన్నా.
రెండు వరసల అవతల ఎవరో దగ్గారు.
ఆమె అందించింది, నా వంక చూడకుండా.

షెడ్డు ఇంకా నోబిడ్ అనే పిలుస్తోంది.
నేనంటించిన చీటీ కదా,
నా గోళ్ళతోనే గీకుతున్నా రోజూ.
జిగురు గట్టిది.