మైకు ఆటో

ఆటో ఒక్కటే, జెండా మారుతుంది.
పొద్దున ఒకరిది, మూడు దాటాక ఇంకొకరిది.
గొంతు మాత్రం నాదే.
గరికిన ఎల్లాజీ, పెదజాలారిపేట,
గంటకింత అని బేరమాడుకున్న గొంతు.

కాగితం ఆఫీసువాళ్లే ఇస్తారు.
ఉన్నది ఉన్నట్టు చదవాలి.
సుడిగాలి పర్యటనకు విచ్చేస్తున్న మన ప్రియతమ నాయకుడు.
ఊరూ వాడా మన గాలే వీస్తోంది.
ఈ ప్రభంజనంలో ఎదుటివాళ్లకు డిపాజిట్లు దక్కవు.
హామీల జల్లు. జనసముద్రం. ఓట్ల వెల్లువ.

కాగితం నిండా వాతావరణమే.
వాతావరణం గురించి ఒక్క ముక్క లేదు.

పూర్ణా మార్కెట్ దగ్గర మిట్టమధ్యాహ్నం
తారు చెప్పుకి అంటుకుని వెనక్కి లాగుతోంది.
రోజు కూలికి జెండా మోసే పెద్దాయన
నిలబడినవాడు నిలబడినట్టే కూలబడ్డాడు.
ఆ నిమిషంలో నేను చదువుతున్న వాక్యం:
నగరంలో ఎన్నికల వేడి రాజుకుంది.
రెండు మజ్జిగ ప్యాకెట్లు నెత్తిన పిండి
లేపి, మళ్లీ చేతిలో జెండా పెట్టారు.

జ్ఞానాపురంలో ఓ గంట ఆపితే చాలు,
ఏ రంగు జెండా అయినా బొగ్గు రంగుకొచ్చేస్తుంది.
పోర్టు మీంచొచ్చే గాలికి పార్టీ లేదు.

కాగితాలు రాసే కుర్రాడు కిరీటిని అడిగాను,
తమ్ముడూ, ఒడ్డు కోసుకుపోతోంది కదా,
ఓ లైను అది కూడా పెట్టరాదా అని.
కంప్యూటర్లోంచి తలెత్తలేదు.
"ఎవర్ని తిట్టాలో తెలీని సమస్య
మైకులో పెట్టకూడదన్నా."
కాసేపాగి తనే అన్నాడు:
"మా ఇల్లు లాసన్స్ బే. నాకు మాత్రం తెలీదా?"

ఆయన మా వీధికీ వచ్చాడు.
డప్పులు, దండలు, ముందు నా ఆటో.
మా అమ్మ పోలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని
ఇంటెనక్కి లాక్కెళ్లిపోయింది.
"ఇక్కడ మూడు వరసల ఇళ్లుండీవి బాబూ.
మాది మూడో వరస.
ఇప్పుడు మాదే ముందు వరస."
ఆయన నవ్వుతూ, "పింఛను వస్తోందా అమ్మా?"
"వత్తంది నాయనా.
సముద్రం కూడా వత్తంది."

అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు.
ఫోటో బాగా వచ్చింది.
వెనకాల నీళ్లు ఎంత నీలంగా ఉన్నాయో.

హుద్‌హుద్ నాడు మా రేకులు
ఏ మేడ మీద పడ్డాయో ఇప్పటికీ తెలీదు.
అప్పుడూ అమ్మ ఇలా మాట్లాడలేదు.
తుఫానంటే వచ్చి పోయేది, తిట్టి ఊరుకోవచ్చు.
ఇది రోజుకో చెంబెడు ఇసక
అడక్కుండా అరువు పట్టుకెళ్తోంది.
కానాగంతలు ఏ నెలలో వస్తాయో
మా నాన్న వేళ్ల మీద లెక్కేసేవాడు.
ఇప్పుడు వేళ్లున్నాయి, లెక్క లేదు.

పోలింగుకి రెండ్రోజుల ముందు చీటీలు పంచాం.
జాబితా చూసి మైకులో పిలుస్తున్నాను:
ఇంటి నంబరు ఏడు బై నాలుగు, తెడ్డు కామయ్య.
ఏడు బై ఐదు, వాసుపల్లి ఎర్రయ్యమ్మ.
ఏడు బై ఆరు...
ఎవరూ రాలేదు.
తలెత్తి చూస్తే
నేను పిలుస్తున్నది కెరటాల్ని.
ఏడో నంబరు వీధి నీళ్ల కింద ఉంది.
వీధి కొళాయి ఇనప గొట్టం ఒక్కటి
పోటు తగ్గినప్పుడల్లా పైకి తేలి, మళ్లీ మునుగుతోంది.

బూత్ ఏజెంటు పెన్ను మూత తీశాడు.
"చిరునామా మారింది అని రాసెయ్."
"ఎవరిది?" అన్నాను.
పేజీ తిప్పాడు.

మిగిలిన పదమూడు చీటీలు
నా చొక్కా జేబులోనే ఉండిపోయాయి.
అమ్మ చూసుకోక ఉతికేసింది.
ఆరేసిన చొక్కా జేబులో వేలు పెడితే
తెల్లటి ముద్ద.
పేర్లు ఏ నీళ్లలో కలిశాయో,
ఆ నీళ్లని అమ్మ
ఇంటెనకే పారబోసింది.