మోకాళ్ళ కింద దీపం

పొద్దున్నుంచీ ఎదురుగాలే.
దుయెరో నది ఎటు వంగితే దారి అటు వంగుతోంది,
గాలి మాత్రం ఎటూ వంగదు.
సైకిలు సంచుల్లో ఒకటి ఎడమకు గుంజుతోంది,
నిన్న కొన్న గొర్రెపాల చీజు బరువుకి.

ఇక్కడి ద్రాక్షకు పందిరి ఉండదు.
మోకాలెత్తు మోళ్ళు,
గులకరాళ్ళ మీద ఎవరి కాళ్ళ మీద వాళ్ళు.
వాన పడి ఎన్నాళ్ళయిందని అడిగితే
ఒక్కొక్కటీ ఒక్కో తేదీ చెప్పేటట్టున్నాయి.

గుట్ట దిగుతుంటే వెనక చక్రం మెత్తబడింది.
దిగి చూస్తే, పల్లేరుకాయ.
ఇంత దూరం వచ్చి, భాష రాని దేశంలో
నన్ను గుర్తుపట్టింది అదొక్కటే.
వీళ్ళు అబ్రోహో అంటారట.
కసి మాత్రం అదే.

ఎదురు గుట్ట మీద పొగగొట్టాలు,
పదో పన్నెండో. కింద ఇళ్ళు లేవు.
గడ్డిలోంచి ఉత్త రాతి గొట్టాలు,
ఎవరో ఊరిని మెడదాకా పూడ్చి
మిగతాది మరిచిపోయినట్టు.
సైకిలు తోసుకుంటూ అటే నడిచాను.

గుట్టకొక చెక్క తలుపు.
తలుపు ముందు బక్కెట్లు కడుగుతున్న ముసలాయన.
ఎవుతీకియో అన్నాడు, గుండెమీద చెయ్యేసుకుని.
నా టైరు చూసి నవ్వలేదు. అది మర్యాద.
ద్రాక్ష తొక్కిన తొట్టిలో నీళ్ళు పోసి
ట్యూబు ముంచాడు. నీళ్ళు అప్పుడే ఊదారంగు.
తిప్పాడు, తిప్పాడు, చెవి దగ్గరికి వంచి.
ఒక బుడగ. దాని వెనకే ఇంకొకటి,
సన్నగా, చాడీ చెబుతున్నట్టు.
"అకీ" అన్నాడు. ఇక్కడ.
ఆ ఒక్క మాటా నాకు వచ్చు.

అతుకు ఆరేలోగా లోపల చూపిస్తానన్నాడు.
కొవ్వొత్తి వెలిగించాడు.
పైన కరెంటు బల్బుంది కదా అని చూపించాను.
తల అడ్డంగా ఊపాడు.
కొవ్వొత్తిని ఎత్తి పట్టుకోలేదు,
తీగ చివర కట్టి మోకాళ్ళ కిందికి వేలాడదీశాడు,
చిన్నపిల్లని వేలు పట్టి నడిపిస్తున్నట్టు.

మెట్లు, మెట్లు, చెమ్మగోడ.
కింద ఎక్కడో చీకట్లో ద్రాక్షరసం
పొయ్యి లేకుండా ఎసరులా మరుగుతున్న చప్పుడు.
ముప్పై ఒకటో మెట్టు మీద
మంట కుంచించుకుపోయింది.
నీలంగా, వత్తిని వదిలేద్దామా అన్నట్టు.

ఎవుతీకియో చెయ్యి నా ఛాతీకి అడ్డం పడింది.
బ్రేకు. మాట లేదు.
వెనక్కి, వెనక్కి, ముఖం చీకటివైపే పెట్టుకుని.

బయట ద్రాక్ష కోతకి బల్గేరియా నుంచి వచ్చిన స్తోయాంక
గోళ్ళలో మరకలు గీక్కుంటూ
వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది:
ఆయన తమ్ముడు, ఫ్రుక్తువోసో, పంతొమ్మిదేళ్ళు.
చెంబు మరిచిపోయి దిగాడు, ఒక్క నిమిషమే కదా అని,
చేతిలో దీపం లేకుండా.
ఆ ఏటి వైను ఇంకా ఒక పీపా ఉందట.
అమ్మరు, తాగరు, పారబొయ్యరు.

ముసలాయన మాత్రం నా ట్యూబు మీదే ఉన్నాడు.
అతుకు మీద బొటనవేలు నొక్కిపట్టి
అరవై దాకా లెక్కపెట్టాడు.
చాలదనుకున్నాడేమో, మళ్ళీ ఒకటి నుంచి.
డబ్బులివ్వబోతే పల్లేరుకాయ నా చేతిలో పెట్టి
గుప్పిట మూసేశాడు.

పొద్దు వాలేసరికి గాలి కాస్త పక్కకి తప్పుకుంది.
ఇంకా వెలుతురుండగానే సైకిలు దీపం వెలిగించాను.
కొంత దూరం పోయాక దిగి,
హ్యాండిల్ మీంచి దాన్ని విప్పి
ముందు చక్రం ఇరుసు దగ్గర కట్టాను.

ఎదురొచ్చిన ట్రాక్టరు కుర్రాడు ఆగి
నీ దీపం జారిపోయిందని సైగ చేశాడు.
అవునని తలూపి
తొక్కుకుంటూ పోయాను.