పడవ ఉంది

మొదట లోకానికి నమస్కారం రాయాలన్నాడు యెర్కో,
అందరూ అలాగే మొదలెడతారట.
లోకంతో నాకేం పని బాబూ,
నాకు తెలిసింది అవతలి దీవి,
దాని మీద ముప్పై ఏడు పొగగొట్టాలు.
వాళ్లకి నమస్కారం అక్కర్లేదు,
పొద్దున పడవుందో లేదో చెబితే చాలు.

అందుకే నేను రాసిన మొదటి వాక్యం:
పడవ ఉంది.

కల్బుకో రేవులో టికెట్లు చింపడం నా ఉద్యోగం.
ఇరవై రెండేళ్లుగా గాలి లేచిన ప్రతి ఉదయం
ఫోను చెవికి అతికించుకుని
ఒకటే జవాబు నలభై సార్లు.
దోన్యా నోల్ఫా మాత్రం రెండేసిసార్లు చేస్తుంది,
మొదటిసారి నమ్మదు.

లైబ్రరీలో, కట్టెల పొయ్యి పక్కన
మంగళవారం సాయంత్రాలు పాఠం.
యెర్కోకి గడ్డం ఇంకా సరిగా రాలేదు,
ఓపిక మాత్రం ముసలి ఎద్దుది.
"తెరిచినదాన్ని మూయాలి, దోన్యా ఓర్ఫెలీనా."
రెండు కోణాల మధ్య ఒక పేరు, అది తెరవడం.
అదే పేరు, ముందో వాలుగీత, అది మూయడం.
ఆ గీతని చూడగానే పోల్చుకున్నాను,
మా వాన అచ్చం అలాగే కురుస్తుంది,
నిటారుగా పడే వానని ఇక్కడెవరూ ఎరగరు.

ఒకనాడు మూయడం మరిచాను.
పెద్దక్షరాల్లో మొదలైన శీర్షిక
ఇక ఆగలేదు.
టికెట్టు ధర పెద్దది, నా పేరు పెద్దది,
'కుక్కలను కట్టి తీసుకురావలెను'
ఇంతింత పెద్దది,
పేజీ మొత్తం దండోరా వేస్తోంది.
కంట్లో నలుసుని వెతికినట్టు
పావుగంట వెతికాను.
ఆ ఒక్క గీత పెట్టగానే
అన్నీ గొంతు తగ్గించి కూర్చున్నాయి.

తర్వాత రంగు.
మా 'పోర్ఫియాదా' పడవ పక్కలకుండే ఆకుపచ్చే కావాలని పట్టుబట్టాను.
ఇంత ఎరుపు, ఇంత పచ్చ, ఇంత నీలం,
డబ్బాలో కలిపినట్టే అంకెల్లో కలిపి
రెండు మంగళవారాలు తగలేశాను.
సరంగు బాల్దోవినో తొంగిచూసి అన్నాడు:
"ఇది పోయినేటి రంగు కదా."

పేజీ పూర్తయింది.
అట్టముక్క మీద చిరునామా రాసి
చర్చి తలుపు పక్కన మేకు కొట్టాను.
సి అక్షరం, రెండు చుక్కలు, ఏవో గీతలు, నా పేరు.
ఎవరికీ తెరుచుకోలేదు.
నాకు తెరుచుకుంటోంది, వాళ్లకి తెలీదంతే అని
రెండ్రోజులు అందరితో వాదించాను.
యెర్కో అట్టముక్క చూశాడు, నవ్వలేదు పాపం.
"ఇది మీ బల్ల సొరుగుకి దారి, దోన్యా.
మీరొక్కరే నడవగలరు."
ఇంట్లో దీపం పెట్టుకుని
రేవుకి వెలుగొచ్చిందనుకున్నానన్నమాట.

ఎవరిదో దూరపు యంత్రంలో కాస్త చోటు అడిగి
పేజీని అక్కడికి పంపాం.
అట్టముక్క మార్చాను.

జూన్ నెల, నడిచలికాలం.
తెల్లవారుజామున ఉత్తరపు గాలి,
రేవు మూసేశామని అధికారి కబురు.
లాంతరు పక్కన ఒక మాట చెరిపి
ఒక మాట రాశాను.
తెరచి చూస్తే: పడవ ఉంది.
గుండె గతుక్కుమంది.
భద్రపరిచానే! పంపానే!
చీకట్లో ఎవరైనా పిల్లల్ని లేపేస్తుంటారు,
బూట్లు తొడుగుతుంటారు.
మళ్లీ తెరిచాను. ఉంది.
పాత మాటని పట్టుకు వేలాడుతోంది యంత్రం,
మా అత్తలాగే.
యెర్కో నేర్పిన మీటలు రెండూ కలిపి నొక్కాను.

పడవ లేదు.

ఆరయింది. ఆరున్నరయింది.
ఫోను మోగలేదు.
మాతే కాచుకున్నాను, చల్లారిపోయింది.
రేకుల మీద వాలుగీతలు ఒకటే పడుతున్నాయి.
ఇరవై రెండేళ్లలో ఇంత నిశ్శబ్దం ఎరగను,
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఏడుకి మోగింది.
"చూశానమ్మాయ్," అంది నోల్ఫా,
"నిజమేనా?"

నిజమే అన్నాను.
ఆ తర్వాత
గుడ్లు మానేసిన ఆవిడ కోడి గురించి
చాలాసేపు మాట్లాడుకున్నాం.