పర్మిట్ నంబర్ నలభై ఒకటి

పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా
నాకు పార్టీ లేదు.
కౌంటీ ఆఫీసులో సంతకాలు సరిచూడటం నా పని.
ఐదు దాటాక ఎవరి వైపో
మా పిల్లికి కూడా చెప్పను.

ఫిబ్రవరి. గాజు తలుపుకి లోపలివైపు కూడా మంచు.
ఆర్విడ్ స్టోర్లీ వచ్చాడు,
గోధుమ గిడ్డంగిలో నలభై ఏళ్లు తూకం వేసిన మనిషి,
కలం చంకలో ఇరికించుకుని.
బయట సిరా గడ్డకడుతోందట.
వెనకాలే డెలోరా పిట్‌మన్,
స్కూలు బస్సు నడుపుతుంది, యూనియన్ మనిషి.
అట్టకి కట్టిన కాగితాలు గుండెకి ఆనించుకుని
చేతి తొడుగు పళ్లతో లాగింది.

ఆయన బండి వెనక అంటించిన బొమ్మకీ
ఆమె బండి వెనక అంటించిన మాటకీ మధ్య
ఎప్పుడూ ఒక బండి పట్టే జాగా ఖాళీ ఉంటుంది.
తుపాకుల దగ్గర ఒకసారి మాటలు తెగాయి,
చర్చి మెట్ల మీద ఇంకోసారి.
తెగినచోట ముడి అలాగే ఉంది, చేతికి తగులుతుంది.

ఆ కాగితం మీద ఉన్నది ఒక్క వాక్యం.
ఎన్నికల్లో పోసే సొమ్ము ఎవరిదో చెప్పాలి,
ఒక హద్దు దాటి పోయకూడదు.
అది రాయడానికి పదకొండు గురువారాలు పట్టింది.
'అవినీతి' అందామని ఆమె,
'దొంగతనం' అందామని ఆయన.
చివరికి రెండూ కొట్టేశారు.
కొట్టేసిన గీతలే బాగా కుదిరాయని
డెలోరా ఒకసారి నాతో అంది.

ఆర్విడ్ జేబులోంచి నిగనిగలాడే కార్డు తీశాడు.
"చూడు, మీవాళ్లు ఏం పంపారో."
దీని మీద సంతకం పెడితే
నువ్వు చర్చికిచ్చిన డాలరు లెక్క కూడా సర్కారు చేతికి పోతుంది.
ఆమె సంచీలోంచి ఇంకోటి తీసింది.
"ఇది మీవాళ్లదనుకున్నా."
దీని మీద సంతకం పెడితే
నీ యూనియన్ నోరు మూతపడుతుంది.

రెండూ నా బల్ల మీద పరిచారు.
ఆయనకి ఎర్రక్షరాలు, ఆమెకి నీలం.
ఫొటోలో ముసలావిడ మాత్రం ఒక్కతే,
అదే కిటికీ, అదే దిగులు,
పాపం రెండు వైపులా భయపడే కొలువు ఆవిడది.
స్టాంపు ఉండాల్సిన మూల, చిన్న గడిలో,
పర్మిట్ నంబర్ నలభై ఒకటి.
రెండింటికీ.

హీటరు గొణుగుడు తప్ప చప్పుడు లేదు.
ఆర్విడ్ ఆ కార్డులు చెరో అరచేతిలో పెట్టుకుని
కళ్లు మూసి కాసేపు నిలబడ్డాడు.
"తూకం సరిపోయింది," అన్నాడు.
ఇద్దరు పిల్లుల రొట్టె తగువులో
కోతి ఎక్కడ కూర్చుందో
మొదటిసారి కనబడింది.

డెలోరా నవ్వలేదు.
రెండు కార్డులూ అట్టకి క్లిప్పుతో బిగించింది.
పశువుల దాణా కొట్టు ముందు, ఆ చలిలో,
ఎవరొచ్చినా ముందు అవి చూపించి
తర్వాత కలం ఇచ్చారు.
కలం ఒక్కటే. ఒకరి చంకలోంచి ఇంకొకరి చంకలోకి.

ఏప్రిల్లో కట్టలు నా దగ్గరికొచ్చాయి.
వణికిన సంతకాలు, కాఫీ మరకలు,
పేరు చివర పువ్వు గీసిన పద్దెనిమిదేళ్ల పిల్ల.
రెండువందల ఆరు కొట్టేశాను.
అందులో ఆర్విడ్‌ది ఒకటి,
ఇల్లు మారాక చిరునామా మార్పించుకోలేదు.
చెప్పడానికి నా నోరు పెగల్లేదు.
ఆయనే అన్నాడు, "తూకంలో దయ చూపిస్తే
రేపు నీ దగ్గర ఎవడు గింజలు పోస్తాడు?"
బయట డెలోరా పగలబడి నవ్వడం వినిపించింది,
వెంటనే దేనిగురించో ఇద్దరూ అరుచుకోవడం కూడా.

ఇంకా ఎనిమిది కౌంటీల లెక్క తేలలేదు.
నవంబరులో వాళ్లిద్దరూ
ఒకరి ఓటు ఇంకొకరు రద్దు చేసుకుంటారు, నాకు తెలుసు.

ఆ సాయంత్రం మా ఇంటి డబ్బాలో ఒక కార్డు.
ప్రభుత్వ ఉద్యోగులారా, మీ పింఛను జాగ్రత్త.
అదే ముసలావిడ. అదే కిటికీ.
మూల చూడనక్కర్లేదు, అయినా చూశాను.

గడియారంలో ఐదూ ఇరవై.
గడువు ఇంకా మూడు రోజులుంది.
డ్రాయరులో కలం వెతుకుతూ అనుకున్నాను,
ఈ ఒక్క సంతకం
నేను సరిచూడకూడదు.
పక్క బల్లకి ఇవ్వాలి.