నెలగంట పెట్టాక

నెలగంట పెట్టారని గుడి మైకు చెప్పకముందే
నాకు తెలిసిపోతుంది.
తణుకు షోరూమ్ కుర్రాడు ఫోనెత్తడం మానేస్తాడు.
ఈ నెల్లాళ్ళూ కొత్త బండి చేత
ఎవరూ నిమ్మకాయలు తొక్కించరు.
"ఆ గాజుపూత వేస్తే గీతలు పడవంటగా" అని
ఎవరూ వచ్చి బేరమాడరు.

కార్తీకంలో పెళ్ళిబళ్ళొచ్చేవి.
బోనెట్ నిండా టేపు జిగురు,
వైపర్ కింద నలిగిన చామంతి రేకులు,
వెనకసీటులో అక్షింతలు, ఎవరిదో ఒంటి మెట్టె.
జిగురు గోటితో గీకకురా అని
ఏసుపాదాన్ని రోజుకి పదిసార్లు తిట్టేవాణ్ణి.
ఇప్పుడా జిగురు మీదే బెంగ.

మార్టేరు సెంటరు దాటాక కాలవ పక్కన
మా రేకుల షెడ్డు.
ఎనిమిదైనా అవతలి గట్టు కనపడదు.
ఆరేసిన గుడ్డలు నిన్నటికంటే ఇవాళే ఎక్కువ తడి.
కంప్రెసరు మీద పిల్లి పడుకుంది,
అది వేడెక్కి నాలుగు రోజులైందని తెలిసీ.

"మంచు ఊరికే కడిగిపోతోంది కదండీ,
మీకెందుకివ్వాలి నాలుగొందలు?"
రొయ్యల చెరువుల సుబ్బరాజుగారు నవ్వారు.
టీ డబ్బులు మాత్రం ఆయనే ఇచ్చారు.
మంచు కడగదండీ,
దుమ్ముని బురద చేసి
అద్దం మీద ఆరబెట్టి పోతుంది.
ఈ జవాబు ఆయన కారు వంతెన దాటాక తోచింది.
నా తెలివి ఎప్పుడూ వెనక బండిలోనే వస్తుంది.

లెక్కల పుస్తకంలో అద్దె, కరెంటు,
పాలిషింగ్ మిషను వాయిదా, ఏసుపాదం జీతం.
ఈ నెల సగం రోజులే రమ్మందామనుకున్నాను.
వాడు క్రిస్మస్ కేకు తెచ్చాడు, న్యూస్‌పేపర్లో చుట్టి.
నోటిదాకా వచ్చిన మాటని
కేకుముక్కతో పాటు మింగేశాను.

అప్పుడొచ్చాడు ఆటో మీరావలి.
పెనుగొండ రోడ్డులో, మంచులో,
గడ్డి ట్రాక్టరుని వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడట.
"లైటుందండీ. వెలుగే లేదు."
చూస్తే కామెర్లొచ్చినట్టు పచ్చబడిన కళ్ళు.
ఎనిమిదొందల నంబరు నీటికాగితం,
తర్వాత పదిహేనొందలు, ఆ తర్వాత రెండువేలు.
ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా.
పాలవిరుగుడు లాంటి నీళ్ళు కారాయి,
కారి కారి, తేటపడ్డాయి.
జత నూటయాభై అన్నాను.
నూటిరవైకి తెగింది.

అట్టముక్క మీద రాసి స్తంభానికి కట్టాం:
"మసక కళ్ళు బాగు చేయబడును."
మర్నాడు సీతారత్నంగారు నిజంగానే వచ్చి
చుక్కలమందు వేయమన్నారు.
కుర్చీ వేసి, టీ ఇచ్చి పంపాం.
సాయంత్రం ఏసుపాదం నిచ్చెనెక్కి
పైన "బండి" అని చేర్చాడు.

ఆటోలొచ్చాయి, కాన్వెంటు వ్యానొచ్చింది,
రొయ్యలకి ఐసు తోలే బొలేరో వచ్చింది,
కంపు భరించలేక పిల్లి గోడెక్కింది.
ఊరెళ్ళిపోతూ ఒక కోతమిషను ఆగింది.
సేలం డ్రైవరు మురుగేశన్‌కి తెలుగు నాలుగు మాటలొచ్చు,
అందులో రెండు బూతులు.
కారు కడిగే చేతులకి అది కొండ.
గడ్డి, పొట్టు, ఒక పాము కుబుసం,
ఎవరి చేలోంచి వచ్చాయో తెలియని ధాన్యం గింజలు.
రెండు రోజులు కడిగాం.

వారానికి, సబ్బునీళ్ళ బోదెలో
వడ్లు మొలకెత్తాయి.
ఈ నీళ్ళకి బతకవురా అన్నాను.
అయినా గన్ను పట్టినప్పుడల్లా
ఏసుపాదం చెయ్యి కొంచెం పక్కకి తిప్పుతున్నాడు.
నేను చూడనట్టే ఉంటున్నాను.

వాయిదాకి ఇంకా పద్దెనిమిదొందలు తక్కువ.
షట్టరు దించి గట్టు మీద నిలబడ్డాను.
మంచులోంచి వస్తున్నాయి బళ్ళు, జతలు జతలుగా.
అది మీరావలిది. అది కాన్వెంటు వ్యాను.
అదిగో, అది మాత్రం ఒంటికన్నుతో వస్తోంది.
ఎవరిదో మరి.
రేపు పొద్దున్న ఆపాలి.