సగానికి పైన

నార్పలలో పీర్లు గుండం తొక్కే రాత్రి.
చింతమొద్దులు ఇంకా కణకణమంటానే ఉండాయి.
మా మిద్దెమీద బాడిగకుండే రెమ్జియా,
అనంతపురంలో చదివే హరారీ పిల్ల,
మలీద ముద్ద చేతిలో పట్టుకోని
తినకుండా నిలబడింది.

"మా ఊరి కోటగోడ బయట ఈ రాత్రే
వెన్న పోసి గంజి పెడతాం, దుమ్ములగొండ్లకు.
సగానికి పైన తింటే ఏడాది మంచిది."

"తినకుంటే?"
అడిగింది మా జేజి దస్తగిరమ్మ,
రెండేండ్లుగా శెనక్కాయ విత్తనాల మూట విప్పని మనిషి.

రెమ్జియా నేలచూపు చూసింది.
వాళ్ళిండ్లలో నేలకు ఎర్రరంగు పూస్తారంట,
యుద్ధంలో పడినోళ్ళ నెత్తురు మరవకూడదని.
గోడనిండా గంపలంట, అమ్మ అల్లినవి కొన్ని,
అమ్మమ్మ అల్లి సగంలో వదిలింది ఒకటి.
"తినకుంటే... మళ్ళా ఏడు పెడతాం."

గుండం చల్లారినాక
ఇద్దరూ చేనిగట్టుకు పోయినారు,
కొత్త చాటలో మలీద పెట్టుకోని.

తెల్లారి చూస్తే
సగమో, సగానికి పైనో.
జేజి వేలితో గీత గీసి, చెరిపి, మళ్ళా గీస్తాది.
రెమ్జియా ఫోన్లో వాళ్ళమ్మతో వాళ్ళ భాషలో.

"అట్లే అడుగు పాపా," అనింది జేజి,
"చీమలు తినింది లెక్కలోకి వస్తాదా అని."