నూట నాలుగు

చెప్పులు చేతబట్టుకోమన్నాడు అరుళ్,
టార్చీలు ఆర్పేయమన్నాడు.
నీలాంకరై ఇసకలో ముప్ఫై మందిమి, రాత్రి పదకొండున్నర.
ఎక్కువమంది ఓఎంఆర్ ఆఫీసుల పిల్లలు,
శుక్రవారాన్ని ఎక్కడో ఒకచోట ఖర్చు చెయ్యాలి కదా.

ఆస్ట్రేలియాలో పెంగ్విన్‌లు
పొద్దుగూకగానే గుంపుగా గట్టెక్కుతాయట,
మెట్ల మీద కూర్చోబెట్టి చూపిస్తారట.
వెళ్లొచ్చినతను చెబుతున్నాడు.
"ఇక్కడ తాబేలు ఎన్నింటికొస్తుంది?"
"దాని దగ్గర ఫోన్ లేదు సార్" అన్నాడు అరుళ్.

ఎగ్మూర్ ప్రసూతి వార్డులో
ఇరవై ఆరేళ్లుగా నేనూ ఇంచుమించు ఇదే చెబుతున్నాను,
బయట బెంచీ మీది మగాళ్లకి.

మొదట కనిపించింది చచ్చిపోయింది.
మెడ చుట్టూ నైలాన్ తాడు,
కళ్లున్నచోట ఎండ్రకాయలు.
అరుళ్ టేపు పెట్టి కొలిచాడు, నోటుబుక్కులో రాసుకున్నాడు,
రేపెవరూ మళ్లీ లెక్కపెట్టకుండా
డిప్ప మీద పెయింటుతో గీత గీశాడు.
పెంగ్విన్‌ల అతను ఆ తర్వాత మాట్లాడలేదు.

రెండూ నలభైకి
తడి ఇసక మీద ట్రాక్టర్ టైరు చార.
వచ్చిన చారే ఉంది, పోయిన చార లేదు.

పైన, పడవల వెనక, ఉంది.
వెనక్కి తిరిగి చూడకుండానే
వెనక కాళ్లతో కుండంత గొయ్యి తవ్వుతోంది,
ఒక కాలు తోడుతుంటే ఒక కాలు ఇసక ఆపుతూ.
ఇంత పనితనం ఎవరు నేర్పారమ్మా నీకు?
అరుపు లేదు. పట్టుకోడానికి మంచం కమ్మీ లేదు.
అప్పుడప్పుడూ ఒక్క నిట్టూర్పు,
అచ్చం మనిషిదే.

రెండేసి, మూడేసి జారుతున్నాయి,
తెల్లగా, జిగురుగా.
అలవాటు కొద్దీ లెక్కపెడుతున్నాను.

"ఏడుస్తోంది" అంది పక్కనున్న పిల్ల.
"కాదు, ఒంట్లో ఉప్పు అలా పోగొట్టుకుంటుంది" అన్నాడు అరుళ్.
రెండూ నిజమైన రాత్రులు నేను చాలా చూశాను.
నోరు మెదపలేదు.

పూడ్చింది. ఒళ్లంతా వేసి అదిమింది.
నీళ్ల దాకా ఎనిమిదిసార్లు ఆగింది.
కుక్కల బారిన పడకుండా
అరుళ్ భుజం దాకా చెయ్యి దించి
గుడ్లన్నీ గుడ్డసంచిలోకి తీశాడు.
"నూట నాలుగు."

నా లెక్క నూట మూడు.

మొదటి బస్సు. గోళ్ల నిండా ఇసక.
ఏడింటికి డ్యూటీ.
ఎక్కడ తప్పానో అడయార్ దాటేదాకా తెలియలేదు.
దాని మొహం తుడుద్దామని
కొంగు పట్టుకుని ముందుకి వంగాను చూడు,
అప్పుడు.